హాజరుకు పనికొచ్చిన పుండు

మానవజాతికీ సూర్యుడికీ మధ్య యుగయుగాలుగా నడుస్తున్న వ్యాజ్యాన్ని నగర బస్సుల సంస్థవారి చర్మ సంరక్షణ విభాగం ఒక్క సర్క్యులర్‌తో కొట్టేసింది. ఇకమీదట సంస్థ ఉద్యోగుల మీద ఎండ పడరాదని, ఒకవేళ పడినచో సదరు ఎండ నియమావళికి లోబడి పడవలెనని అందులో స్పష్టంగా రాశారు. (ఒక నకలు సూర్యుడికి కూడా పంపినట్టు కింద చిన్న అక్షరాల్లో ఉంది. అభ్యంతరం తెలపలేదు కాబట్టి ఒప్పుకున్నట్టే లెక్క.)

ఈ సర్క్యులర్‌ను అందరికంటే శ్రద్ధగా చదివిన మనిషి రెండు రంగుల డ్రైవరు. అది కన్నవాళ్ళు పెట్టిన పేరు కాదు, డిపోవాళ్ళు పెట్టింది. సగం జీవితం బస్సు నడిపేసరికి ఆయనకు కిటికీ వైపున్న కుడిచెంప, చెవి, మోచెయ్యి పెనం అడుగులా నల్లబడి, ముడతలు పడి, మచ్చలు తేలాయి. ఎడమచెంప మాత్రం పెళ్ళినాటి నునుపు పోగొట్టుకోకుండా అలాగే ఉండిపోయింది. ఒక పక్కనుంచి చూస్తే తన పెద్దన్నగారిలా, రెండో పక్కనుంచి చూస్తే తన తమ్ముడిలా ఉంటాడు. భార్య మామూలు రోజుల్లో ఆయనకు ఎడమ పక్కన కూర్చుని మాట్లాడుతుంది. పోట్లాడాలనుకున్న రోజున కుడి పక్కకు మారుతుంది. ఆ ముఖాన్ని తిట్టడానికి మనసొప్పుతుందని ఆవిడే చెప్పింది.

ఇదంతా నవ్వుకుని ఊరుకునే సంగతే. కానీ ఆ నల్లచెంప మీద, కంటి కింద, కందిగింజంత పుండు ఒకటి లేచింది. మానినట్టే మానేది, మళ్ళీ పచ్చిదేలేది. గడ్డం గీసుకుంటుంటే తెగిందన్నాడు. కంటి కింద గడ్డం ఎవరికి మొలుస్తుందని భార్య అడిగాక ఆ మాట మానేశాడు. ఆవిడే ఆయన్ని సంస్థ ఆసుపత్రికి లాక్కెళ్ళి చర్మం డాక్టరమ్మ ముందు కూర్చోబెట్టింది. డాక్టరమ్మ నవ్వుతూ భూతద్దం అందుకుంది గాని, అందులోంచి చూశాక నవ్వడం మానేసింది.

"ఏళ్ళ తరబడి ఎండ తిన్న చర్మం కదా, ఎప్పుడో ఒకప్పుడు ఇలా మొండికేస్తుంది. ఇది మంచిదో చెడ్డదో కంటితో చూసి చెప్పలేను. కోసి, ఆ ముక్కను పరీక్షకు పంపాలి. ఆలస్యం చెయ్యకండి. ఈలోగా ఎండలోకి వెళ్ళే ముందు క్రీము రాసుకోండి, చెమటకు పోతే మళ్ళీ రాసుకోండి. పొడుగు చేతుల చొక్కా వేసుకోండి," అంది.

"గోటితో పోయేదాన్ని గొడ్డలిదాకా తెచ్చుకోం లెండి డాక్టరమ్మా," అంది భార్య.

డ్రైవరుకు భయం వేసింది. ఆ మాట ఒప్పుకోవడానికి మాత్రం ఇంటిదాకా ఆగాడు.

క్రీము సంగతి విభాగమే చూసుకుంది. ఏదో ఒకటి అంటగట్టలేదు, పరీక్షించి మరీ ఇచ్చింది. నిపుణుల సంఘం నేలమాళిగలో, కిటికీలు లేని సమావేశ మందిరంలో, ఆ క్రీము చేతులకు రాసుకుని కిందటి వేసవి పొడుగునా కూర్చుంది. ఒక్కరికీ చర్మం కమలలేదు. (టీలు అందించిన అటెండరు క్రీము రాసుకోలేదు, ఆయనకూ కమలలేదు. అంత దూరం పనిచేసే క్రీము ఇంకోటి లేదని నివేదికలో ప్రత్యేకంగా మెచ్చుకున్నారు.)

మర్నాడు పొద్దున్నే డ్రైవరు క్రీము దట్టంగా పట్టించి, డిపో గేటు దగ్గర కొత్తగా పెట్టిన హాజరు యంత్రం ముందు నిలబడ్డాడు. ముఖం సరిపోలలేదంది యంత్రం. చేతిరుమాలుతో శుభ్రంగా తుడుచుకుని మళ్ళీ నిలబడ్డాడు. "ఇద్దరు వ్యక్తులు కనిపిస్తున్నారు. దయచేసి ఒక్కొక్కరుగా రండి," అంది.

ఒక్కొక్కరుగా ఎలా రావాలో తెలియక ఆయన నేలమాళిగలోనే ఉన్న చర్మ సంరక్షణాధికారి గదికి వెళ్ళాడు. అధికారి మెత్తని మనిషి, పిండిలో పొర్లించి తీసినట్టు తెల్లగా ఉంటాడు. ఎండను చిన్నప్పుడెప్పుడో చూశాడని, అది పెద్దగా నచ్చలేదని ఆఫీసులో చెప్పుకుంటారు.

"విధుల్లో ఉన్నప్పుడు క్రీము రాసుకోవడం తప్పనిసరండీ. హాజరు వేసేటప్పుడు ముఖానికి ఏమీ లేకపోవడమూ తప్పనిసరే. రెండు నియమాల మధ్యా ఏ తగాదా లేదు. మధ్యలో మీరు ఉన్నారు, అదే ఇబ్బంది," అన్నాడు అధికారి.

"తుడుచుకున్నా ఇద్దరం కనిపిస్తున్నామటండీ."

అధికారి లేచి వచ్చి ఆయన్ని అటునుంచీ ఇటునుంచీ చూశాడు. యంత్రాన్ని తప్పుపట్టలేకపోయాడు.

"పోనీ మీ ముఖం మీద, క్రీము రాసినా తుడిచినా మారకుండా ఉండేది ఏదైనా ఉందా?"

డ్రైవరు నిజాయితీగా ఆలోచించాడు. నిజాయితీపరులకు వచ్చే తిప్పలన్నీ ఇలాగే వస్తాయి.

"ఈ పుండు ఒక్కటేనండీ. ఎంత చేసినా పోవట్లేదు."

అధికారి ముఖం వెలిగింది. (ఆ గదికి అంతకుమించి వెలుగు రాదు.) అక్కడికక్కడే ఉత్తర్వు వేయించాడు. గుర్తింపు కార్డులో పుట్టుమచ్చల దగ్గర "కుడిచెంపపై మానని పుండు" అని చేరింది. మర్నాటినుంచి యంత్రం ఆ పుండును చూడగానే పచ్చదీపం వెలిగించి శుభోదయం చెప్పడం మొదలుపెట్టింది. డిపోలో మరెవరికీ అది శుభోదయం చెప్పలేదు.

చిక్కంతా కోత తేదీ దగ్గర పడ్డాక వచ్చింది. సెలవు కాగితం చూసి అధికారి నిలువునా నీరయ్యాడు.

"కోయించుకుంటారా? దేన్ని?"

"పుండునండీ."

"అది సంస్థ రికార్డండీ! రికార్డును ధ్వంసం చేస్తే ఎంత నేరమో మీకు తెలుసా?"

ఆ సాయంత్రం భార్య ఆయన్ని వెంటబెట్టుకుని స్వయంగా వచ్చింది. అధికారికి కుడి పక్కన నిలబడింది.

"మా ఆయన ముఖం మీదున్నది మీదెలా అయిందండీ?"

"ముఖం ఆయనదేనమ్మా. ఆ విషయంలో సంస్థకు భిన్నాభిప్రాయం లేదు."

"ఈ ఉద్యోగమే వద్దు పదండి," అంది ఆవిడ మొగుడితో. ఉద్యోగం వదిలితే సంస్థ ఆసుపత్రి గడప తొక్కనివ్వదని ఆయన మెల్లగా గుర్తుచేశాడు. ఆవిడ అక్కడే, ఆ గదిలోనే ఏడ్చేసింది. అధికారి జాలిపడి కన్నీళ్ళు తుడుచుకోవడానికి మెత్తని కాగితం ఇచ్చాడు, ఇచ్చినట్టు సంతకం తీసుకున్నాడు.

విషయం నిపుణుల సంఘానికి వెళ్ళింది. సంఘం సావధానంగా చర్చించింది. పుండుకు అంత సావధానం లేదు. కందిగింజ కాస్తా శనగగింజయింది. డ్రైవరు అద్దం చూసుకోవడం మానేశాడు. వెనకవచ్చే బళ్ళకోసం బస్సు అద్దంలోకి చూడాల్సి వచ్చినప్పుడు మాత్రం తప్పేది కాదు.

చివరికి ఉత్తర్వు వచ్చింది. సంస్థ ఉద్యోగి ఆరోగ్యం సంస్థకు ప్రాణం కన్నా మిన్న అని మొదలై, పుండు తొలగించుటకు అభ్యంతరం లేదని, అయితే తొలగించిన భాగాన్ని సీసాలో భద్రపరచి, ప్రతిదినం హాజరు వేళ ముఖం పక్కన పట్టుకొనవలెనని ముగిసింది.

డాక్టరమ్మ అదే రోజు కోసేసింది. కుట్లు వేసి, ముక్కను మందునీళ్ళ సీసాలో పెట్టి పరీక్షశాలకు పంపింది. సంస్థ గుర్తింపు చిహ్నాన్ని ఆఫీసు అనుమతి లేకుండా ముట్టుకోబోమని వాళ్ళు వెంటనే తిప్పి పంపారు. డాక్టరమ్మ ఫోన్లో అరిచింది. అరుపులు రాతపూర్వకంగా పంపమన్నారు.

మర్నాడు డ్రైవరు చెంపకు కట్టుతో, చేతిలో సీసాతో యంత్రం ముందు నిలబడ్డాడు. యంత్రం కాసేపు ఆలోచించింది. సీసాకు శుభోదయం చెప్పింది. కొత్త ఉద్యోగిగా నమోదు చేసుకుని, పచ్చదీపం వెలిగించి, "మీ పక్కనున్న వ్యక్తిని దయచేసి తప్పుకోమనండి," అంది.

భార్యాభర్తలిద్దరూ సీసా పట్టుకుని నేలమాళిగకు దిగారు. డ్రైవరు ఈసారి సిగ్గుపడలేదు.

"నాకు హాజరు వద్దండీ. అది మంచిదో చెడ్డదో తేలితే చాలు. చెడ్డదైతే ఇంకా లోతుగా కొయ్యాలట, తొందరగా కొయ్యాలట. నాకు భయంగా ఉందండీ. దీన్ని పరీక్షకు పంపనివ్వండి."

"అయ్యో, పంపకూడదని ఎవరన్నారు? పని వేళల్లో బయటికి వెళ్ళాలంటే సెలవు పెట్టుకోవాలి, అంతేగా," అన్నాడు అధికారి.

"ఇప్పుడే పెడతారు. కాగితం ఇటివ్వండి," అంది భార్య.

"ఆయన కాదమ్మా, సీసా పెట్టాలి." అధికారి కంప్యూటరులోకి తొంగిచూసి, నిజంగానే బాధపడుతూ తల అడ్డంగా ఊపాడు. "ఇవాళే చేరింది కదా. కొత్తగా చేరినవాళ్ళకు మొదటి ఆర్నెల్లూ సెలవు ఉండదమ్మా."