దాలమ్మ పాటకు శాశ్వత భద్రత

విజయనగరం గానభద్ర మందిరంలోని పాత పాటలకు ఇకమీదట ఏ ఆపదా రాదని అధ్యక్షులు వేంకటాచలం గారు ప్రకటించారు. సమాచార నిర్వహణ ప్రణాళిక సిద్ధమైంది. విలువైన ప్రతిదానికీ మూడు ప్రతులు తీసి మూడు ఊళ్లలో దాచాలని అందులో ఉంది. శుభస్య శీఘ్రమని ముందుగా ప్రణాళికకే మూడు ప్రతులు తీయించారు. పాటల వంతు తర్వాత.

సిబ్బందికి శిక్షణనివ్వడానికి నిపుణులు పృథ్వీరాజ్ గారు వచ్చారు. అంతటి ఉపన్యాసం గాలికి పోతే ఎలాగని వేంకటాచలం గారి ప్రాణం కొట్టుకుంది. సొంత ఫోన్లలో రికార్డు చేయడం ప్రణాళిక ప్రకారం నేరం. అందుకని అటక మీది టేపురికార్డరు దింపించి, "బీరువాలోంచి ఏదో ఒక క్యాసెట్ తెండి" అన్నారు. తెచ్చారు. ఉపన్యాసం రెండువైపులా నిండుగా ఎక్కింది.

తర్వాత ప్రణాళిక ఆవిష్కరణ సభ. ఫోన్లన్నీ గుమ్మం దగ్గరే తీసుకున్నారు. ఒకప్పుడు జముకుల పాటకు పేరుమోసిన దాలమ్మ ఇప్పుడు లేదు. ఆమె గొంతు ఒకే ఒక్క క్యాసెట్‌లో ఉంది. అది వినడానికి కూతురు కూర్మమ్మ నెల్లిమర్ల నుంచి కొత్తచీర కట్టుకుని వచ్చింది. వేంకటాచలం గారు స్వహస్తాలతో మీట నొక్కి, పరవశించడానికి ముందే కళ్లు మూసుకున్నారు.

"సమాచారం పోవడానికి ప్రధాన కారణం మానవ తప్పిదం" అంది క్యాసెట్.

ముందు వరసలోని రసికులు తల ఊపి తాళం వేశారు.

"ఇదేటి బాబూ? మాయమ్మ గొంతు ఇలగుండదు" అంది కూర్మమ్మ.

"క్యాసెట్ భద్రంగానే ఉందమ్మా" అన్నారు వేంకటాచలం గారు, చెమట తుడుచుకుంటూ.

"కేసెట్టేటి సేసుకోమంతారు? పాటేదీ?"

ఆయనకు నిజంగానే ఏడుపొచ్చింది. ప్రణాళికలో ఏడుపుకు అధ్యాయం లేదు.

కూర్మమ్మ ముందుకొచ్చింది. బల్లమీద దరువేసి, అమ్మ పాట తనకు గుర్తున్నంతమేర ఎత్తుకుంది. సభ ఊగిపోయింది. కుర్చీలు పడ్డాయి. పృథ్వీరాజ్ గారు టై విప్పి తిప్పారు. వేంకటాచలం గారు సన్మానం శాలువా నడుముకు బిగించి, డాక్టరు వద్దన్న మోకాళ్లతోనే చిందేశారు. ప్రణాళిక తు.చ. తప్పకుండా అమలైనందువల్ల ఎవరూ రికార్డు చేయలేదు.

నెల్లిమర్లకు ఆటోలో అరగంట. ఆ పాట మళ్లీ వినడానికి ఇంతవరకూ ఎవరూ వెళ్లలేదు. ఎలా ఉందంటే మాత్రం అందరూ "అద్భుతం" అంటారు. గుచ్చిగుచ్చి అడిగితే, ఆనాటి విందులో పెట్టిన పనసపొట్టు కూరలో ఆవ ఘాటు గురించి చెబుతారు.

మీరూ మూడో వరసలోనే ఉన్నారట కదా. ఒక్క చరణం చెప్పండి, రాసుకుంటాం.