అత్తగారి గిన్నె బంధవిమోచనము

సూర్యుడు పడమటి కిటికీ ఊచల నడుమ చిక్కుకొని, కొళాయి చుక్కచుక్కగా కాలమును లెక్కించు సాయంసమయమున, తోమిన పాత్రల తళతళలతో దిక్కులు మెరయు వంటగదియను మహారణరంగమందు, లోహశాస్త్రబోధకుడు, శతాధికవిద్యార్థినిద్రాప్రదాత, ఆ ఇంటి అల్లుడు రెండు గిన్నెలు చేతబట్టి చెమటలు కక్కుచు నిలిచియుండెను.

రెండు గిన్నెలా? కాదు, ఒక్కటే! అదియే కదా వచ్చిన చిక్కు.

వెలుపలిది అత్తగారి అల్యూమినియం గిన్నె. ఆమె కాపురమంత వయసుగలది, ఒక్క సొట్టయైన ఎరుగనిది. లోపలిది అల్లుడు నిన్ననే కానుకగా తెచ్చిన దళసరి స్టీలు గిన్నె. తెచ్చినవాడు ఊరకుండక, "అత్తయ్యగారూ, అల్యూమినియం మెత్తన. ఊరికే సొట్టలు పడుతుంది, ఇట్టే వేడెక్కిపోతుంది. స్టీలైతే మనవళ్ళ కాలందాకా మన్నుతుంది" అని నోరు పారవేసుకొనెను. ఆమె నవ్వెను.

నేడు ఆమె మార్కెట్టుకు వెడలగా, మెప్పు పొందగోరి తానే గిన్నెలు తోమి, సలసల కాగు నీట కడిగిన అల్యూమినియంలోనికి చల్లని స్టీలును దింపెను. అల్యూమినియం చల్లారెను, ముడుచుకొనెను, ఉడుముపట్టు పట్టెను.

వీరుడు లాగెను. మెలిపెట్టెను. మోకాళ్ళ నడుమ నిరికించి గుంజి, వెల్లకిల పడెను. పడియు గర్జించెను: "ఓసీ లోహాధమా! మద్భుజబలమెరుగక నిలిచితివా! విడువుము, విడువకున్న కరగించి చెంచాలు పోయించెద!"

"ఎవరితోనండీ మాటలు?" గుమ్మమున నిలిచిన భార్య ఆ గిన్నెలను చూచి, "రోకలితో ఒక్కటివ్వండి, ఊడొస్తుంది" అనెను.

"అమ్మో! సొట్ట పడితే? నా మాట నెగ్గించుకోడానికి కావాలనే కొట్టాననుకోదూ మీ అమ్మ?"

"అయితే త్వరగా కానివ్వండి. వీధి మొదట్లో ఉందట, ఫోన్ చేసింది."

వీరుడు తడబడి, కాగిన నీరు లోపలి గిన్నెలో పోసెను. స్టీలు ఉబ్బెను, పట్టు మరింత బిగిసెను. ఏటేటా నల్లబల్లపై తాను వ్రాయు పాఠమే తలక్రిందులయ్యెను.

"చదవేస్తే ఉన్న మతి పోయిందని ఊరికే అన్నారా!"

భార్య వాక్కు ములుకై గుచ్చుకొనగా పాఠము జ్ఞప్తికి వచ్చెను. ఆ నీరు పారబోసి, స్టీలు కడుపున మంచుముక్కలు నింపి, జంటను వేడినీటి బేసినులో కూర్చుండబెట్టెను. స్టీలు మందబుద్ధి, వేడి దానికి నెమ్మదిగా ఎక్కును. అల్యూమినియమో, తగిలిన వేడిని తోడనే ఒళ్ళంతా పాకించుకొని, స్టీలుకన్న మిన్నగా సాగును. నిన్న తాను తూలనాడిన గుణమే నేడు తన పరువు కాపాడవలసి వచ్చెను గదా యని నిజముగనే సిగ్గుపడుచు మెలిపెట్టెను.

టక్!

అంతలో అత్తగారు రానే వచ్చెను. తన గిన్నెను వెలుతురున త్రిప్పి చూచి, అడుగున వ్రేలు రాచి, అందులోనే టీకి నీళ్ళు పెట్టెను. ఇట్టే మరిగెను.

"మీ గిన్నె ఏది బాబూ?"

"అందులో ఐసు ఉందండీ."

"పోన్లెండి, దేనికో ఒకదానికి పనికొచ్చింది."

వీరుడు తలవంచి టీ త్రాగి నాలుక కాల్చుకొనెను. అయిననేమి? ముల్లోకములు వినుగాక! రెండు గిన్నెలు మరల రెండు గిన్నెలైనవి.