నడుము నొప్పి లేని ఉదయాలు

ఆ శనివారం కూడా సుందర్ రాజు హాయిగా నిద్ర లేచారు. నడుము నొప్పి లేదు. భార్య మెర్లిన్ పోయినప్పటి నుంచి ఆయన నడుము ఒక్కసారీ నొప్పి పెట్టలేదు. ఆయనకున్న పెద్ద కష్టం అదే.

ఫిల్మ్ నగర్ వాలులో ఉన్న హైస్కూలుకు ఆయన హెడ్మాస్టరు. మెర్లిన్ అక్కడే కుస్తీ కోచ్‌గా ఉండేది. పిల్లలకు నేర్పబోయే ప్రతి పట్టునూ రోజూ పొద్దున్నే స్కూలు కుస్తీ హాల్లో ముందు మొగుడి మీద, అదీ కాఫీ తాగనివ్వకుండా, ప్రయోగించి చూసేది. "మెల్లగా పడెయ్యవే!" అని ఆయన అరిచేవారు. "గడ్డం లోపలికి పెట్టుకోండి, చేత్తో మ్యాట్‌ని కొట్టండి, ఏం కాదు," అనేది ఆమె. తర్వాత నడుముకు బామ్ కూడా తనే రాసేది. ఆ సీసా ఇంకా అలమరాలోనే ఉంది.

ఆమె స్థానంలో ఇంకొకరిని పెట్టడానికి ఆయనకు మనసొప్పలేదు. వచ్చిన ప్రతివాడిలో ఏదో వంక కనిపించేది. ఒకడి విజిల్ మరీ గట్టిది. ఒకడు నవ్వడు. ఇంకొకడు మరీ నవ్వుతాడు. చివరికి స్కూలు కరస్పాండెంట్ శకుంతలమ్మ తేల్చి చెప్పారు.

"శనివారం పదింటికి నేనొస్తానండీ. అప్పటికి కోచ్ కుదిరితే సరే. లేకపోతే ఆ హాలు జుంబా క్లాసుకిచ్చేసి, మ్యాట్ ఎవరికైనా ఇచ్చేద్దాం."

ఆ మ్యాట్‌కు ఒక మూల, మెర్లిన్ రోజూ మోకాళ్లు ఆనించిన చోట, నీలం రంగు వెలిసిపోయి ఉంది. ఆ సంగతి శకుంతలమ్మకు ఎలా చెప్పడం?

ఇక తన చేతుల్లో ఉంటే తెమలదని, సుందర్ రాజు ఆఫీసు చూసే కమలాకర్‌ని పిలిచారు. "ఇంటర్వ్యూకి మంచి కుస్తీవాళ్లను పిలిపించవయ్యా."

"ఫికర్ చెయ్యకుండ్రి సార్. నాకిడిసిపెట్టుండ్రి."

కమలాకర్ స్కూల్లో చేరకముందు సినిమాల్లో ప్రొడక్షన్ మేనేజరు. మనుషులు కావలసివస్తే అతనికి తెలిసిన దారి ఒక్కటే, జూనియర్ ఆర్టిస్టుల ఏజెంటు. "శనివారం పొద్దుగాల ఏడింటికి పహిల్వాన్లను పంపు, స్కూల్ల పని," అని ఫోన్లో చెప్పాడు. ఏ పని అని ఏజెంటు అడగలేదు, షూటింగే అనుకున్నాడు. ఆ చుట్టుపక్కల ఎవరూ అడగరు. తనంతట తాను దరఖాస్తు పెట్టుకున్న ఒకామెకు కూడా అదే రోజు రమ్మని కబురు పంపి, కమలాకర్ ఆ సంగతి మరిచిపోయాడు.

ఏడింటికల్లా వ్యాన్ వచ్చింది. ఒంటి నిండా నూనె, ఎర్ర లంగోటాలు, జిగురుతో అతికించిన మీసాలతో పహిల్వాన్లు దిగారు. వెనకే అద్దం పట్టుకుని మేకప్ మనిషి దిగాడు.

"టిఫిన్ ఏడ సార్? ముందు టిఫిన్, తర్వాతనే పని," అన్నాడు వాళ్ల పెద్ద నర్సింహ.

వ్యాన్‌ని చూసి ఆటోలు ఆగాయి. ఆటోలను చూసి జనం ఆగారు. జనాన్ని చూసి టీ బండి గేటు ముందుకొచ్చింది. "హీరో ఆ తెల్ల కార్ల పండుకున్నడంట!" అని ఎవరో అన్నారు. ఆ తెల్ల కారు సుందర్ రాజుదే. అయినా ఎందుకైనా మంచిదని ఆయన కూడా ఒకసారి తొంగి చూసొచ్చారు.

"ఏంటయ్యా కమలాకర్, వీళ్లెవరు?"

"దిట్టంగ ఉన్నరు గద సార్. ఇంటర్వ్యూ షురూ చెయ్యుండ్రి."

టిఫిన్లయ్యేసరికి పది కావచ్చింది. సుందర్ రాజు ఇద్దరిని మ్యాట్ మీద నిలబెట్టి విజిల్ ఊదారు. ఇద్దరూ తొడలు చరిచారు, గర్జించారు. ఒకరినొకరు ముట్టుకోకుండానే గాల్లోకి ఎగిరి వెల్లకిలా పడ్డారు. కుస్తీ టీమ్ పిల్లలు పొట్టలు పట్టుకుని నవ్వారు.

"ఎవలు గెలవాలెనో ముంగట చెప్పాలె గద సార్," అని నర్సింహ నొచ్చుకున్నాడు. "మాకు పడుడే వచ్చు. గెలిచేటోడు ఏసీ వ్యాన్ల ఉంటడు."

సరిగ్గా అప్పుడే శకుంతలమ్మ వచ్చారు. జనంలో కారు కదలక నడిచి వచ్చారేమో, ముఖం ఎర్రబడి ఉంది. మేకప్ మనిషి ఎదురెళ్లి, "నాయనమ్మ వేషం మీదేనా అమ్మా?" అంటూ ముక్కుకు పౌడర్ అద్దాడు.

"సుందర్ రాజు గారూ! స్కూలుని షూటింగుకి ఇచ్చారా?"

ఆ గొంతు విని డైరెక్టర్ ఈమే అనుకున్న పహిల్వాన్లు, అందరూ కలిసి మరోసారి పడి చూపించారు.

"చాలండీ. సోమవారం నుంచి జుంబా," అన్నారు శకుంతలమ్మ.

"మేడమ్, జర ఆగుండ్రి!" మూల కుర్చీలోంచి ట్రాక్ సూట్ వేసుకున్న ఒకామె లేచింది. కళ్లు ఎర్రగా వాచి, నీళ్లు కారుతున్నాయి. "నేను వందన, రహమత్ నగర్ నుంచొచ్చిన. కోచ్ నౌకరీకి. పొద్దుగాల్నుంచి గీడనే కూసున్న. మేకప్ ఆయన నన్ను పహిల్వాన్ తల్లివన్నడు, ఏడ్వనీకి గ్లిజరిన్ గూడ పెట్టిండు."

శకుంతలమ్మ వాచీ చూసుకున్నారు. "ఒక్క పట్టు చూపించమ్మా. ఎవరినైనా పిలువు."

నర్సింహ ముందుకొచ్చాడు. వందన చెయ్యి చాచగానే పడిపోయాడు. "మాఫ్ చెయ్యమ్మా, అలవాటు." ఇంకొకడూ అంతే. పిల్లలను పిలవమంటే ఆమె ఒప్పుకోలేదు. "పడుడు వచ్చో రాదో తెల్వకుండ పిల్లలను ఎత్తెయ్య మేడమ్. పెద్దోళ్లు ఎవరన్న రాండ్రి." కమలాకర్ అప్పటికే టీ బండి వెనక్కి చేరాడు.

సుందర్ రాజు మ్యాట్ మూలన వెలిసిన నీలం వైపు చూశారు. చెప్పులు విప్పారు. కళ్లజోడు తీసి శకుంతలమ్మ చేతిలో పెట్టారు.

"మీరా సార్?" అంది వందన జాలిగా.

"మెల్లగా పడెయ్యమ్మా," అన్నారాయన.

హాలు ఒకసారి గిర్రున తిరిగింది. గడ్డం దానంతట అదే లోపలికి వెళ్లింది. చెయ్యి ఫట్‌మని మ్యాట్‌ని కొట్టింది. ఆ చప్పుడు హాలంతా మోగింది. ఆయన లేవలేదు. పైకప్పు సందులోంచి సన్నటి ఎండ ముఖం మీద పడుతోంది. మ్యాట్ మీద వెల్లకిలా పడితే తప్ప కనిపించని ఎండ. అది ఇన్నాళ్లూ అక్కడే ఉందన్నమాట.

"సార్! దెబ్బ తాకిందా?"

"లేదమ్మా. ఇంకోసారి పడెయ్యి."

"పడుడంటే గిదీ!" అని నర్సింహ చప్పట్లు కొట్టాడు. "మీది ఏ యూనియన్ సార్?"

వందన ఆయనకు చెయ్యందించి లేపింది. "ఎవరు నేర్పిండ్రు సార్?"

"మా ఆవిడ. రోజూ కాఫీకి ముందు."

ఆమె ఆయన భుజం మీది దుమ్ము దులిపింది. తర్వాత శకుంతలమ్మ వైపు తిరిగింది. "నేను చేరుత మేడమ్. గని పట్లు చూపనీకి రోజూ పొద్దుగాల గీ సార్ గావాలె నాకు."

శకుంతలమ్మ చేతిలోని కళ్లజోడును చూశారు, పంచె సర్దుకుంటున్న హెడ్మాస్టరును చూశారు. ముక్కు మీది పౌడర్ తుడుచుకుంటూ, "తీసుకోమ్మా," అన్నారు.

ఇంటర్వ్యూ చేయబోయిన మనిషి సెలెక్టయ్యారు.

మర్నాడు ఉదయం సుందర్ రాజు మంచం దిగలేకపోయారు. గోడ పట్టుకుని, మూలుగుతూ, మధ్యమధ్యలో నవ్వుతూ అలమరా దాకా నడిచారు. సీసా మూత తీస్తే లోపల బామ్ ఎండి పెచ్చులు కట్టింది.

ఈసారి పెద్ద సీసా కొనాలనుకున్నారు.