బందెలదొడ్డి హాజరు

లోకంల సర్కారు అనేది రెండు పనుల కొరకు పుట్టింది. ఎవరు వచ్చిన్రో రాసుకునుడు ఒకటి, ఎవరు రాలేదో రాసుకునుడు ఇంకొకటి. సడకులు, దవాఖానలు, ఇన్సాఫు, ఇవన్నీ ఎప్పుడో తర్వాత వచ్చి చేరినయి (కొన్ని ఇంకా దారిలనే ఉన్నయి).

ఈ సంగతి నకిరేకల్‌కు ఆరు కోసుల దూరంల ఉన్న మా ఊరికి తెలిసినంత తేటగ పట్నపోళ్లకు తెలువదు. పోలీసు యాక్షన్ అయిన ఏడాది మా ఊర్ల మూడు రిజిస్టర్లు నడిచినయి. బడిది ఒకటి, బందెలదొడ్డిది ఒకటి, క్యాంపుది ఒకటి. ఐలేశం బిడ్డ కౌసల్య పేరు మూడిట్ల ఎక్కింది. పదేండ్ల పిల్లకు ఇంత గుర్తింపు వచ్చుడు తాలూకాల అదే మొదలు.

ఆ పిల్ల చేసిన ఘనకార్యం ఒక్కటే. రోజూ బడికి పోయింది.

బడి పంతులు లియాఖత్ అలీ. నాలుగు తరగతులకు ఆయన ఒక్కడే. బడి అంటే రెండర్రల పెంకుటిల్లు. దసరా పోయినంక సంఘపోళ్లను, అంటే కమ్యూనిస్టులను, పట్టేటందుకు ఊర్లకు పోలీసు క్యాంపు వచ్చింది. జమాదారు ఆ రెండర్రలు చూసి ఇందుల ఇప్పటిదాక ఏం జరుగుతుండె అని అడిగిండు. చదువు అని చెప్పిన్రు. అయితే ఖాళీయే గదా అని సామాను దింపించిండు.

బడిని బందెలదొడ్డికి మార్చిన్రు. చేన్లవడి మేసే పశువులను పట్టి తోలే జాగ అది. చుట్టు రాతిగోడ, ఒక్కటే తలుపు, తలుపు కాడ కావలికి బీరప్ప. ఆ ఏడు పట్టుబడే పశువులు తక్కువ (పట్టేటోళ్లు, పశువులోళ్లు ఇద్దరూ పరారీల ఉండిరి), అందుకని నలభై మంది పిల్లలకు జాగ సరిపోయింది. వాన వస్తే తడుస్తరు, ఎండ వస్తే ఎండుతరు. ప్రకృతి పాఠం వేరే చెప్పవలసిన అక్కర లేకుంట అయింది.

బీరప్ప నిక్కచ్చి మనిషి. "దొడ్డి లోపలికి వచ్చు ప్రతి ప్రాణిని నమోదు చేయవలెను. యజమాని వేలిముద్ర లేనిదే విడువరాదు" అని తాలూకా నుంచి వచ్చిన ఉత్తర్వును ఆయన మేకుకు గుచ్చి పెట్టుకున్నడు. నాలుగు కాళ్ల ప్రాణి అని అండ్ల ఎక్కడ లేదు. అందుకని మొదటి రోజు నుంచే పిల్లలందరిని రిజిస్టరుకు ఎక్కించిండు. కౌసల్య. రంగు: చామనచాయ. కొమ్ములు: లేవు. గుర్తు: ఎడమ కనుబొమ్మ మీద మచ్చ. పట్టి తెచ్చినవారు: లియాఖత్ అలీ పంతులు.

పంతులుకు ఇది నచ్చలేదు. పిల్లలను పశువుల లెక్కల రాస్తే ఎట్లనని మెల్లగ అడిగిండు.

"నా దొడ్లకు వచ్చినంక కోడెదూడైన ఒకటే, కౌసల్యైన ఒకటే పంతులూ. నీ పట్టీ నీది, నా పట్టీ నాది," అన్నడు బీరప్ప.

సాయంత్రం పిల్లలు ఇండ్లకు పోతరు గదా, అదెట్ల రాస్తవని పంతులు మల్ల అడిగిండు. బీరప్ప అది గూడ ఆలోచించే పెట్టుకున్నడు. వేలిముద్ర లేదు గనుక విడుదల అని రాయరాదు. "మేతకు బయటికి" అని రాసిండు. ఆ లెక్కన మా ఊరి పిల్లలు దసరా నుంచి ఎండకాలం దాక పగలనక రాత్రనక దొడ్లనే బందీగ ఉన్నరు. అన్నం తినను మాత్రం ఇంటికి పోయి వస్తుండిరి.

శివరాత్రి ముందట ఒక పోలీసాయన పంతులు సంచిని సోదా చేసిండు. అండ్ల బడి హాజరు పట్టీ దొరికింది. నలభై పేర్లు, పేరు పేరుకు రోజు రోజుకు గీతలు, నెలల తరబడి. ఇంత క్రమం తప్పకుండ నడిచే సంఘాన్ని తన నౌకరీ మొత్తంల చూడలేదని జమాదారు అన్నడు. పట్టీ ఉర్దూల ఉన్నది. చదివి చెప్పేటందుకు ఊర్ల ఉర్దూ వచ్చిన మనిషి కావలసి వచ్చింది. వెతికితే ఒక్కడే దొరికిండు, రాసినాయన.

ఇవి పిల్లల పేర్లు అని పంతులు విన్నవించుకున్నడు. జమాదారు కొట్టిపారేయలేదు, న్యాయంగనే విచారించిండు. నలభై మందిని క్యాంపు ముందట నిలబెట్టి లెక్కపెట్టిండు. కాయితంల నలభై, నేల మీద నలభై. దాంతోటి లిస్టు నిజమైనదేనని రుజువైంది. చిన్నపిల్లలని పంతులు మల్ల అంటే, సంఘం చీటీలు మోసేటోళ్లు చిన్నగనే ఉంటరని పైనుంచి వచ్చిన కాయితం చూపించిండు.

తర్వాత అడిగిండు, అందరికంటె ఎక్కువ గీతలు ఎవరికున్నయని.

ఇక్కడనే పంతులు తప్పు చేసిండు. ఇరువై ఏండ్లు పిల్లల నడుమ బతికిన మనిషి చేసే తప్పే. ఆయన మొకం విప్పారింది.

"కౌసల్య, సాబ్. ఒక్క దినం గూడ నాగా లేదు," అన్నడు.

జమాదారు ఎర్ర పెన్సిలు తీసిండు. కౌసల్య పేరు వరుస నంబరు ఒకటి అయింది. ఏడాది మొత్తం మీద తొమ్మిది రోజులే బడికి వచ్చిన కిష్టయ్య కొడుకును దగ్గరికి పిలిచి, భుజం తట్టి, సర్కారుకు విధేయుడని రాసిండు.

నంబరు ఒకటి రోజూ పొద్దున క్యాంపుకు వచ్చి కనపడి పోవాలె, చీటీ లేనిది ఊరి పొలిమేర దాటొద్దు అని హుకుం. కౌసల్య అక్కడికి గూడ ఒక్క దినం తప్పకుండ పోయింది. తల దువ్వుకొని, పలక సంకన పెట్టుకొని, అందరికంటె ముందు పోయి నిలబడేది. ఇది జమాదారు అనుమానాన్ని ఇంకింత బలపరచింది.

ఇట్ల ఉండంగ చైత్రం వచ్చింది. తాలీమాత్ దఫ్తరు నుంచి, అంటే చదువుల కచేరి నుంచి, కాయితం దిగింది. సంవత్సరాంతమున విద్యార్థుల కార్యకలాపములు, వారు సాధించిన ప్రగతి ప్రదర్శించవలెను. తనిఖీకి రఘుపతిరావు గారు స్వయంగా వచ్చెదరు.

పంతులు ఉత్సవం పెట్టిండు. సభ పేరు మీద ఐదుగురికంటె ఎక్కువ మంది ఒక్కకాడ కూడొద్దని క్యాంపు ఉత్తర్వు ఉన్నది. అందుకని నలుగురేసి పిల్లలు లోపలికి పోయి పాడి బయటికి వచ్చిన్రు. ఐదో మనిషి రఘుపతిరావు గారు. సభ పదిసార్లు మొదలై పదిసార్లు ముగిసింది. పంతులు గోడ అవతల నిలబడి, మరిచిపోయిన చరణాలు అందించిండు. కోలాటం ఉన్నది గని కట్టెలు పట్టుకొని తిరుగుడు నేరం గనుక పిల్లలు ఉత్త చేతులతోటి ఆడిన్రు. పరుగెత్తే మనిషిని ఆగమనకుండనే కాల్చవచ్చునని ఇంకొక ఉత్తర్వు. కాబట్టి పరుగుపందెం నడకతోటి పెట్టిన్రు. అందరికంటె వెనుక వచ్చిన పిల్లకు మొదటి బహుమతి. మట్టిబొమ్మల పోటీల పిల్లలు ఆ ఏడాది చూసినవే చేసిన్రు, లారీలు, తుపాకులు, టోపీలు. పంతులు తెల్లారకముందే వచ్చి వాటన్నిటిని పిసికి మామిడికాయలు చేసిండు. ఇన్ని మామిడికాయలు ఒకే తీరుగ ఉన్నయని రఘుపతిరావు గారు మెచ్చుకున్నరు.

ఇగ మిగిలింది కౌసల్య కాయితం. మా బడిల నాలుగో తరగతి దాకనే ఉన్నది. ఐదు చదవాలంటె నల్లగొండ ఆడపిల్లల బడికి పోవాలె. అక్కడ మేనత్త అరుణమ్మ ఇంట్ల ఉంచుకుంటనన్నది. మా ఊరి నుంచి నాలుగు దాటిన ఆడపిల్ల అప్పటికి ఎవ్వరు లేరు. వచ్చే సోమవారం దాక చేర్చుకుంటరు, ఆ మీదట తీసుకోరు. రెండు కాయితాలు కావాలె. చదువు పూర్తయిందని తాలీమాత్ దఫ్తరుది ఒకటి, పొలిమేర దాటవచ్చునని క్యాంపుది ఒకటి.

రఘుపతిరావు గారు కౌసల్యను లెక్కలు అడిగిన్రు, చెప్పింది. పద్యం అడిగిన్రు, చెప్పింది. సంతోషపడి, ముప్పాతిక హాజరు ఉంటేనే సర్టిఫికేటని చెప్పి, పట్టీ చూపించమన్నరు. క్యాంపుల ఉన్నదని పంతులు చెప్పిండు.

"చూడండి, ఆ పిల్లకు చదువు వచ్చునని కళ్లారా చూశాను. బడిలో ఉన్నదని మాత్రం చూడలేదు కదా," అన్నరు రఘుపతిరావు గారు. ఆయన మర్యాదస్తులు, ఆ మాట గూడ బాధపడుకుంటనే అన్నరు.

పంతులు క్యాంపుకు పోయిండు. జమాదారు పట్టీ ఇయ్యనన్నడు గని దారి చూపించిండు. ఈ పిల్ల అసలు ఏనాడూ రాలేదు, గీతలు నేనే ఊరికె గీసిన అని పంతులు రాసి సంతకం పెడితే, పేరు కొట్టేసి చీటీ ఇస్తడట. రోజూ వచ్చిందని తేలితే నల్లగొండల చేరవచ్చు గని ఊరు దాటరాదు. ఎన్నడు రాలేదని తేలితే ఊరు దాటవచ్చు గని చేరరాదు. రెండు దఫ్తర్లు చెరి సగం ఉపకారం చేస్తమన్నయి. సర్కారు దగ్గర ఇంత సమానమైన దయ ఎప్పుడో గని కనపడదు.

తల్లి బిక్షమ్మ కూలి నుంచి సక్కగ దొడ్డి కాడికి వచ్చింది. ఐలేశంను ముందటి నిజాం సర్కారు పట్టుకపోయింది. సర్కారు మారింది గని జైలు తాళం మారలేదు, ఏ జైలుల ఉన్నడో కబురు లేదు.

"పంతులూ, నా బిడ్డ బడికి వచ్చిందా, రాలేదా? ఒక్క మాట చెప్పు," అన్నది.

"ఎవరు అడుగుతున్నరో చెప్పు బిక్షమ్మా, అప్పుడు చెప్త," అన్నడు పంతులు. ఆయన ఎగతాళికి అనలేదు.

"మొగని సంగతి అడిగితే జైలంటరు. బిడ్డ సంగతి అడిగితే లిస్టంటరు. మా ఇంట్ల రాయకుంట మిగిలింది నేనొక్కదాన్నే."

బీరప్ప తలుపు కాడ కూసోని ఇదంతా విన్నడు. రిజిస్టరు తెరిచి, వేలు పెట్టి, లెక్క చూసుకున్నడు.

"నువ్వు గూడ ఎక్కుతవు, ఇటు రా బిక్షమ్మక్కా. విడుదల చేస్తే యజమాని వేలిముద్ర కావాలె గదా," అన్నడు.

విడుదల చీటీ రాసిండు. సదరు కౌసల్య అను ప్రాణి దసరా మొదలు చైత్రం వరకు రాత్రింబవళ్లు సర్కారు వారి దొడ్డిలో ఉన్నది. పొరుగు చేను మేసినట్లు ఫిర్యాదు లేదు. యజమాని ఐలేశం (జైలు), తరఫున భార్య బిక్షమ్మ. కింద అచ్చు వేసిన హామీ ఒకటి ఉన్నది, అది బీరప్ప చదివి వినిపించిండు. ఇకమీదట ఈ ప్రాణిని బయట తిరుగనీయక ఇంటివద్దనే కట్టి ఉంచుదునని ఒప్పుకొనుచున్నాను.

బిక్షమ్మ కొంచెంసేపు ఆ అక్షరాల దిక్కు చూసింది. వేలు ఒత్తింది.

ఆ చీటీ ముందట రెండు దఫ్తర్లు తలవంచినయి. సర్కారు మోహరు ముద్ర ఉన్న రిజిస్టరు ప్రకారం పిల్ల నూటికి నూరుపాళ్లు హాజరు ఉన్నదని రఘుపతిరావు గారు సర్టిఫికేటు రాసిన్రు. పగలు రాత్రి సర్కారు బందీల ఉన్న ప్రాణి సంఘంల తిరుగుడు సాధ్యం కాదని జమాదారు పేరు కొట్టేసి చీటీ ఇచ్చిండు (క్యాంపుకు రోజూ వచ్చి నిలబడ్డది ఎవరని ఆయనకు ఒక అనుమానం వచ్చింది గని, రిజిస్టరుకు ఎదురుపోయే అధికారం ఆయనకు లేదు). తనిఖీ నివేదికల మా బడి సాధించిన ప్రగతి కింద "విడుదల: ఒకటి" అని పడ్డది. మిగిలిన ముప్పై తొమ్మిది మంది ఇంకా మేతకు బయటికే పోతున్నరు.

సోమవారం పొద్దుగూకక ముందే కౌసల్య నల్లగొండల చేరింది.

మరుసటి ఏడాది చైత్రంల నల్లగొండ నుంచి ఉత్తరం వచ్చింది. లియాఖత్ అలీ పంతులు అప్పటికి బదిలీ అయిండు (ఎక్కడికన్నది ఉత్తర్వుల రాయలేదు), అందుకని బీరప్ప చదివిండు. సంవత్సరాంతపు బహుమతులల్ల కౌసల్యకు హాజరుకు మొదటి బహుమతి వచ్చింది, పట్టీల మొదటి పేరు ఆమెదే, తల్లిదండ్రులు ఉత్సవానికి రావలసినదని పెద్ద పంతులమ్మ మంజులత స్వయంగా రాసింది.

బిక్షమ్మ ఇంకొకసారి చదువుమన్నది. మొదటి పేరు అన్న కాడ ఆపించింది. ఆ పూటనే సద్ది కట్టుకొని బయలెల్లింది. రెండు దినాలు నడిచి నల్లగొండ చేరి, బిడ్డను గూడ చూడకుంట, సక్కగ పెద్ద పంతులమ్మ ముందటికి పోయి దండం పెట్టింది.

"అమ్మా, మీరు బిడ్డకు మంచిగనే చెప్తున్నరు, కాదనను. గని ఆ మొదటి జాగల మాత్రం పెట్టకుండ్రి. ఆమె రాని దినాలు నాలుగు రాయుండ్రి. పేరు జర నడుమ ఎక్కడన్న కలిపేయుండ్రి."

మంజులతమ్మ ఓపికగ విన్నది. తల్లిదండ్రుల విన్నపాలకు వేరే రిజిస్టరు ఉండాలె, ఇప్పటిదాక ఎవరు చేయలేదు గనుక పెట్టలేదని చెప్పింది. కొత్తది ఒకటి తెప్పించి, గీతలు గీసి, మొదటి వరుసల కౌసల్య పేరు రాసింది.