ఎనిమిదో గడి

ఆ ఉదయం ఇంజనీరు వేసుకున్న పథకం చాలా చిన్నది. ఆఫీసుకి వెళ్ళి కంప్యూటరు చూపిస్తున్న ఒక వార్నింగ్ సంగతి తేల్చి, మధ్యాహ్నానికల్లా ఇంటికి వచ్చేయాలి. రెండింటికి భార్యకి ఇంటర్వ్యూ. పాప పుట్టాక ఆమెకి వచ్చిన మొదటి పిలుపు. పాపని చూసుకోవలసింది అతనే.

"ఈసారైనా టైముకి వస్తావా?" అందామె, పెద్దగా నమ్మకం లేకుండా.

వాళ్ళ కంపెనీ బట్టలుతికే మిషన్లు చేస్తుంది. మిషన్ని నడిపే, సీ భాషలో రాసిన ప్రోగ్రాంలో అర్రే అనే ఏడు గడుల వరస ఒకటుంది. ప్రతి ఉతుకుకీ ముందు ఆ గడుల్లో సున్నాలు నింపే లూపు, ఏడుతో ఆగక లేని ఎనిమిదో గడిలో కూడా ఒక సున్నా పడేసి వస్తుంది. హద్దు దాటుతోందని, ప్రోగ్రాంని మిషన్ భాషలోకి మార్చే కంపైలరు ఏళ్ళ తరబడి మొత్తుకుంటూనే ఉంది. అందరూ చూసీ చూడనట్టు ఊరుకున్నారు. కొత్త మేనేజరుకి మాత్రం స్క్రీను మీద ఒక్క వార్నింగ్ కూడా కనబడకూడదట. ఇంజనీరు లూపు ఏడుతోనే ఆగేలా అందులో ఒక్క అక్షరం చెరిపేశాడు. వార్నింగ్ పోయింది. అతను బ్యాగు భుజాన వేసుకున్నాడు.

టెస్టింగ్ చేసే ఆవిడ ఎదురొచ్చి, మొదటి ఉతుకు బాగానే అయిందనీ, రెండోసారి నీళ్ళు పొంగి పొర్లుతున్నాయనీ చెప్పింది. తను తీసేసింది తప్పునే కాబట్టి తప్పు తనది కాదని అతను వాదించాడు. అయితే వాల్వుదే అనుకుని ప్లంబరుని పిలిపించారు. అతను వాల్వు మార్చి, ఒక ఉతుకు కళ్ళారా చూసి, తృప్తిగా వెళ్ళిపోయాడు. రెండో ఉతుకుకి నీళ్ళు గుమ్మం దాటి ప్లగ్గుల దాకా వచ్చాయి. ఎవరో మెయిన్ ఆపేశారు. ఆఫీసు మొత్తం చీకటైంది.

ఇంజనీరుకి తల ప్రాణం తోకకొచ్చింది. బల్ల మీద కాళ్ళు ముడుచుకుని కూర్చుని, ఫోన్లో భార్యకి జరిగిందంతా పూసగుచ్చినట్టు చెప్పాడు.

"అయితే రానట్టేగా," అని ఆమె పెట్టేసింది. అతనికి నిజంగా సిగ్గేసింది.

కరెంటు వచ్చాక సంగతి బయటపడింది. మెమరీలో ఏడో గడి పక్కనే, ఆ లేని ఎనిమిదో గడి చోటులో, 'నీళ్ళు కట్టేశాను' అనే గుర్తు ఉంటుంది. ప్రతి ఉతుకుకీ ముందు దాన్ని చెరిపి సున్నా చేయాలని ఎవరికీ తట్టలేదు. హద్దు దాటిన లూపే ఇన్నాళ్ళూ ఆ పని చేసిపెడుతోంది. ఇప్పుడది మానేసరికి, రెండోసారి మిషన్ నీళ్ళు కట్టేశాననుకుని ఊరుకుంటోంది.

మేనేజరు తడిసిన ప్యాంటు పిండుకుంటూ, "ఆ తప్పు మళ్ళీ పెట్టేయండి. వార్నింగ్‌కి నేను అలవాటు పడతాను," అన్నాడు.

సాయంత్రం అతను కాళ్ళీడ్చుకుంటూ ఇల్లు చేరేసరికి భార్య పాపని నిద్రపుచ్చుతోంది. ఇంటర్వ్యూ ఏమైందని అతను అడగకముందే ఆమే చెప్పింది.

"పాపని ఎత్తుకునే వెళ్ళాను. మీరు చూసిన ఒక పొరపాటూ, దాన్నుంచి నేర్చుకున్నదీ చెప్పమన్నారు. నీది చెప్పాను."

"ఏమన్నారు?"

"నవ్వలేక చచ్చారు. సోమవారం నుంచి రమ్మన్నారు."

ఆ రోజంతటిలో అతను చేసిన పనికొచ్చే పని ఆ కథ చెప్పడమొక్కటే, అదీ ఫోన్లో.