పాత కచ్చేరిలో జీవాల హాజరు

సోమవారం పదకొండు గంటల బస్సుకు ప్రొద్దుటూరు వెళ్ళి, చెల్లెలి పెళ్ళికి కుట్టించిన జాకెట్టు తెచ్చుకోవాలని కెరోలిన్ ఉదయం నుంచీ గడియారం వైపే చూస్తోంది. జమ్మలమడుగులో ఓ చిన్న గ్రంథాలయానికి ఆమె ఒక్కతే దిక్కు. అదీ కాంట్రాక్టు ఉద్యోగం. పాత జిల్లా గెజిట్లను స్కాన్ చేసి ఆన్‌లైన్ కేటలాగులో ఎక్కించడం ఆ నెల పని. ఆ పూటకు ఇక ఒక్క ఉత్తర్వే మిగిలింది, 1923 నాటిది, కింద అప్పటి కలెక్టరు సంతకం ఉంది.

తేదీ గడిలో 1923 కొడితే కంప్యూటర్ ఒప్పుకోలేదు. దాని లెక్కలో లోకం 1970లో పుట్టింది. బస్సుకు పది నిమిషాలే ఉంది. రేపు దిద్దుకోవచ్చులే అనుకుని, ఆ రోజు తేదీ వేసి ఆమె పరుగెత్తింది.

ఏది ఎక్కించినా పాఠకుల వాట్సాప్ గ్రూపులో దానంతటదే పడుతుందన్న సంగతి ఆ తొందరలో గుర్తు రాలేదు. రోజూ పేపరు చదవడానికి వచ్చే రిటైర్డ్ కండక్టరు చంద్రమోహన్ దాన్ని చదివి, పైన ఆ రోజు తేదీ చూసి, తనకు తెలిసిన గొర్రెల కాపర్లందరికీ పంపాడు.

"గొర్రెలు, మేకలు కలిగిన ప్రతి ఆసామీయు వచ్చే మంగళవారము ఉదయము తన జీవాలను జమ్మలమడుగు కచ్చేరిలో పశువైద్యునికి చూపవలెను. చూపని జీవాలను సర్కారు స్వాధీనపరచుకొనును."

గ్రంథాలయం ఉన్న భవనాన్ని ఊరంతా ఇప్పటికీ పాత కచ్చేరి అనే అంటారు.

మంగళవారం కెరోలిన్ వచ్చేసరికి గేటు కనిపించలేదు. గొర్రెలు కనిపించాయి.

"ఏందమ్మా, ఇంత పొద్దా వచ్చేది? డాక్టరు యాడ?" అన్నాడు అందరికంటే ముందు నిలబడిన రామసుబ్బయ్య, ఫోనులో ఉత్తర్వు చూపిస్తూ.

కెరోలిన్ ఫోను అందుకుని చూసింది. "ఇది ఇప్పటిది కాదప్పా. నూరేండ్ల కిందటిది."

"మా తాత పట్టా కూడా నూరేండ్ల కిందటిదే. అది చెల్లుతాంటే ఇదెట్ల చెల్లదు?"

కెరోలిన్ మాట మార్చింది. "ఇంటికి తోలుకోని పోండప్పా, ఎవురూ ఏమీ అనరు."

"ఆ మాట కాగితం మింద రాసియ్యి," అంది అతని భార్య బాలనాగమ్మ. "రేపు జీవాల్ని పట్టుకోని పోతే నీ మాట ఎవురు ఇంటారు?"

ఈలోగా ఒక మేక చదువుకునే గదిలో దూరి, ఆ రోజు పేపరు మొదటి పేజీ ముగించి రెండో పేజీ మొదలుపెట్టింది. కెరోలిన్ ఇక ఆగలేక, 'జీవాలను తెచ్చి చూపినారు' అని చీటీ రాసి గ్రంథాలయం ముద్ర కొట్టి ఇచ్చింది. రామసుబ్బయ్య చీటీని కళ్ళకద్దుకుని మందను మళ్ళించాడు. గండం గడిచిందనుకుంది.

అతను గేటు దాటుతూనే ఫోను తీశాడు. "మామా, ఈడ ముద్ర ఏసిస్తాండారు. బిన్నా రాండి!"

లింగాల నుంచి, ఖాజీపేట నుంచి లారీలు బయలుదేరాయి. మధ్యాహ్నానికి వరస మెయిన్ రోడ్డెక్కింది, బస్సులు ఆగాయి. పై ఆఫీసు నుంచి ఫోను వచ్చింది.

"ఎవరు చెప్పినారని ముద్రలేస్తాండావు? సాయంత్రంలోగా రాతమూలకంగా జవాబియ్యి!"

ఉద్యోగం పోయినట్టే. పెళ్ళిపందిట్లో చుట్టాలకు ఏమని చెప్పుకోవాలి? ఆమె పశువైద్యుడు జమీర్‌కు ఫోను చేసింది. "సార్, మీరొచ్చి ఇదంతా ఉత్తిదేనని చెప్పండి సార్."

జమీర్ మండిపడుతూ వచ్చాడు. అరవడానికి మెట్లెక్కి, ఇటు తిరిగి, రోడ్డు పొడవునా నిలబడిన మందలను చూసి అరుపు మానుకున్నాడు.

"ఏమ్మా, ఎన్ని జీవాలుంటాయి?"

"తెలీదు సార్. లోపల కూడా కొన్ని ఉండాయి."

"మూడు నెల్లుగా టీకా డబ్బా మోసుకోని పల్లెపల్లె తిరుగుతాండా. నన్ను చూస్తానే కొండకు తోలుతాండారు. ఈపొద్దు వాళ్ళే తెచ్చి లైన్లో నిలబెట్టినారు!" అని గొంతు తగ్గించాడు. "ఉత్తిదని ఒక్క మాట అనాకు. ముందు నేను సూదేస్తా, ఆమైన నువ్వు ముద్రెయ్యి."

సూది లేని ముద్ర చెల్లదని తెలిసి రామసుబ్బయ్య సగం దోవలోంచి మందతో సహా తిరిగొచ్చాడు. పొద్దు గూకేలోపు టీకాలన్నీ అయిపోయాయి. జమీర్ తన రిపోర్టులో 'ఉత్తర్వు ప్రకారం పూర్తి చేయడమైనది' అని రాసి, ఉత్తర్వు నకలు జతచేశాడు. కెరోలిన్ దాన్నే తన జవాబుగా పై ఆఫీసుకు పంపింది.

వారం తిరిగేసరికి పై ఆఫీసు నుంచి కెరోలిన్‌కు కవరు వచ్చింది. విప్పింది. జీవాల టీకాల్లో జిల్లాకే ఆదర్శంగా నిలిచినందుకు అభినందనలు. కింద ఒక్క వాక్యం అదనంగా ఉంది: సదరు ఉత్తర్వుపై సంతకం చేసిన కలెక్టరుగారు ప్రస్తుతం ఏ జిల్లాలో పనిచేయుచున్నారో వెంటనే తెలుపవలెను.