ఐస్‌క్రీం డబ్బాలో నీలిపట్టీ చిమ్మట

అక్టోబరు ఉదయం. క్లెమెంట్ పథకంలో వంక పెట్టడానికేమీ లేదు. చిమ్మటలను రప్పించడానికి రాత్రంతా తోటలో వెలిగించిన దీపపు పెట్టె తెరవడం, లోపల గుడ్ల అట్టల్లో నక్కిన చిమ్మటలను చూసి రాసుకోవడం, వదిలెయ్యడం, టీ తాగడం. ఆ రోజు అట్ట తిప్పేసరికి అరచేయంత చిమ్మట కనిపించింది, రెక్క మీద నీలిపట్టీతో! ఆ జిల్లాలో ఏ తోటలోనూ నమోదు కాని రకం. ఏళ్ళ తరబడి దానికోసమే కాచుకున్న క్లెమెంట్‌కు కాళ్ళు నేలమీద నిలవలేదు.

జిల్లా చిమ్మటల లెక్కలు చూసే ఆడ్జర్స్ మేడమ్‌కు ఫోన్ చేశాడు.

"ఫొటోలు నేను నమ్మను. ఇప్పుడే వస్తున్నా, ఎగిరిపోకుండా చూసుకోండి," అందావిడ.

అలాంటప్పుడు ఫ్రిజ్‌లో పెట్టడమే చిమ్మటలు లెక్కబెట్టేవాళ్ళ పద్ధతి. చల్లదనానికి పురుగు బుద్ధిగా పడుకుంటుంది. దాని సైజుకు చిన్న సీసాలు చాలక, ఖాళీ ఐస్‌క్రీం డబ్బాలో పెట్టాడు. ఆ ఊళ్ళో ఐస్‌క్రీం డబ్బాలో ఐస్‌క్రీం తప్ప అన్నీ ఉంటాయి. ఇక తన తోట పేరు జిల్లా రికార్డుకెక్కినట్టేనని ఈల వేసుకుంటూ గడ్డం గీసుకోవడానికి వెళ్ళాడు. ఇల్లలకగానే పండగవుతుందా?

మేడమ్ వచ్చింది. క్లెమెంట్ ఫ్రిజ్‌లోంచి డబ్బా తెచ్చి గర్వంగా మూత తీశాడు. లోపల ఆపిల్ పుడింగ్ ఉంది.

"రకం తెలుస్తూనే ఉంది," అంది మేడమ్ వాసన చూసి. "దాల్చినచెక్క బాగానే వేశారు."

"హేజెల్! ఇంకో డబ్బా ఏదే?" అని పెళ్ళాన్ని కేకేశాడు.

"పక్కింటి పెంబర్టన్‌కిచ్చా. నీ దీపం వల్ల నిద్ర లేదని కౌన్సిల్‌లో ఫిర్యాదు చేస్తానంటున్నాడుగా! కాస్త పుడింగ్ తింటే చల్లబడతాడని..."

మాట పూర్తికాకుండానే కంచె అవతల కెవ్వుమని కేక. ముగ్గురూ పరిగెత్తారు. పెంబర్టన్ చెంచాను కత్తిలా ఎత్తి పట్టుకుని నిలబడ్డాడు.

"క్లెమెంట్ గారూ! దీపంతో చంపుతున్నది చాలక వీటిని ఇంటికే పంపిస్తారా? నా ముక్కు మీద వాలిందండీ! ఇవాళే ఫిర్యాదు రాస్తా!"

చిమ్మట మాత్రం అతని గోడమీది తీగపూలలో రెక్కలు విప్పుకుని తీరిగ్గా కూర్చుంది. మేడమ్ కళ్ళద్దాలు సవరించుకుంది.

"అదే! జిల్లాలో మొట్టమొదటిది! పెంబర్టన్ గారి తోట అని రాస్తున్నాను."

"మేడమ్, అది నా తోటలో..."

"నా కళ్ళతో చూసిన చోటే రాస్తాను. మీ ఇంట్లో నేను చూసింది పుడింగ్."

క్లెమెంట్‌కు ఏడుపొక్కటే తక్కువ. పెంబర్టన్ చెంచా దించాడు.

"మొట్టమొదటిదా? నేనెప్పుడూ అంటూనే ఉంటానండీ, ఇలాంటి జీవాలకోసం తీగ కొట్టకూడదని!"

"పోనీలే క్లెమ్," అంది హేజెల్. "దీపం గొడవైనా తీరింది."

వారం తిరక్కుండా పెంబర్టన్ క్లెమెంట్ దీపానికి రెట్టింపు దీపం కొన్నాడు. క్లెమెంట్ పడకగదికి మందపాటి కర్టెన్లు కొన్నాడు.